అంతర్జాతీయ ఆరోగ్య పరిశోధనల ఎథిక్స్‌లో పీజీ చేయొచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదివారు. హైదరాబాద్‌లో ఒక సీఆర్ఓలో (మందుల కంపెనీల తరఫున మనుషుల మీద ట్రయల్స్, అంటే మందు పరీక్షలు, జరిపే సంస్థ) కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నారు. విదేశీ స్పాన్సర్ల కోసం జరిగే ట్రయల్స్‌లో రోజూ వాలంటీర్ల చేత కన్సెంట్ (సమ్మతి) ఫారాల మీద సంతకాలు చేయిస్తున్నారు. ఇందులో ఏదో సరిగా లేదని మనసుకు అనిపిస్తోంది, అందుకే పరిశోధన ఎథిక్స్‌లో మాస్టర్స్ చేయాలనుకుంటున్నారు. ఫిలాసఫీ ఎప్పుడూ చదవలేదని భయం. విదేశానికి వెళ్లాలంటే లోన్ తీసుకోవాలి. ఇంట్లో "అది చదివితే ఏం ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతున్నారు.

నేను ఈ చదువే చదివాను. ఒక బోధనాసుపత్రిలో పరిశోధనలకు నైతిక అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి చాలాకాలం సభ్య కార్యదర్శిగా ఉన్నాను, ఇప్పుడు పీజీ విద్యార్థులకు ఈ పాఠమే చెబుతున్నాను. నా సమాధానం: తప్పకుండా చదవండి. అయితే లోన్ తీసుకుని వద్దు, ఈ ఏడాదే విమానం ఎక్కాలనీ అనుకోవద్దు.

మీరు రాసిన ఒక వాక్యం దగ్గర మొదలుపెడతాను. "కన్సెంట్ సరిగ్గా తీసుకోవడం ఎలాగో లోతుగా నేర్చుకోవాలి" అన్నారు. అది అవసరమే, కానీ ఈ చదువులో అది చిన్న భాగం. ఫారం వాలంటీర్ చేతికి వచ్చేసరికి ముఖ్యమైన నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి. ఏ జబ్బు మీద పరిశోధన చేయాలి, కొత్త మందును దేనితో పోల్చాలి, ఏ దేశంలో చేయాలి, ట్రయల్ అయ్యాక ఆ ఊరివాళ్లకు మందు దొరుకుతుందా, ఎవరికైనా హాని జరిగితే ఖర్చు ఎవరిది? ఇవన్నీ ఎక్కడో ఒక మీటింగ్ గదిలో తేలిపోతాయి. ఆ గదిలో ఏం జరుగుతుందో చదవడం, అక్కడ కూర్చుని "ఇది కుదరదు" అని కారణాలతో చెప్పగలగడం: ఈ పీజీ నేర్పాల్సింది అది. నేర్పని కోర్సుకు డబ్బు కట్టడం దండగ.

ఏ మంచి కోర్సులోనైనా మొదటి వారాల్లోనే వచ్చే ఉదాహరణ ఒకటి చెప్తాను. 1994లో అమెరికా, ఫ్రాన్స్ దేశాల్లో జరిగిన 076 అనే ట్రయల్‌లో, హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులకు ఏజెడ్‌టీ అనే మందు ఇస్తే బిడ్డకు వైరస్ సోకడం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గిందని తేలింది. పెద్ద విజయం. కానీ ఆ పద్ధతికి ఒక్కో తల్లికి మందులకే సుమారు 800 డాలర్లు అయ్యేది. ప్రసవ సమయంలో సెలైన్ ద్వారా ఎక్కించాలి, బిడ్డకు ఆరు వారాలు మందు పోయాలి. ఆఫ్రికాలో చాలా దేశాల ఆరోగ్య బడ్జెట్‌కు అది అందని మాట. అందుకని తక్కువ రోజులు, తక్కువ మందుతో పని జరుగుతుందా అని చూడటానికి ఆఫ్రికాలో, థాయిలాండ్‌లో ట్రయల్స్ మొదలుపెట్టారు. చాలావాటిలో సగం మంది తల్లులకు ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) ఇచ్చారు.

1997లో పీటర్ లూరీ, సిడ్నీ వుల్ఫ్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు దీన్ని బయటపెట్టారు. పేద దేశాల్లో జరుగుతున్న 16 ట్రయల్స్‌లో 15 చోట్ల కొందరు తల్లులకైనా వైరస్‌ను అడ్డుకునే మందు ఇవ్వడం లేదని, అమెరికాలో ఇలా చేయనిస్తారా అని అడిగారు. వాళ్ల వ్యాసం అచ్చయిన పత్రిక సంపాదకీయం ఆ ట్రయల్స్‌ను అలబామాలోని టస్కీగీతో పోల్చింది కూడా. అక్కడ 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు చికిత్స ఇవ్వకుండా జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అమెరికా ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధన), సీడీసీ (వ్యాధి నియంత్రణ)ల అధిపతులు ట్రయల్స్‌ను సమర్థించారు. ప్లాసిబోతో పోల్చితేనే జవాబు త్వరగా, స్పష్టంగా వస్తుందన్నారు. ఉగాండా నుంచి అక్కడి ఎయిడ్స్ పరిశోధన కమిటీ అధ్యక్షుడు ఇంకో మాట అన్నారు: ఇవి మా ప్రజల కోసం మా పరిశోధకులు చేస్తున్న అధ్యయనాలు, మా తరఫున మీరెందుకు తీర్పు చెబుతున్నారు? 1998లో థాయిలాండ్ ఫలితం వచ్చింది. తక్కువ రోజుల మందుతో వైరస్ సోకడం 18.9 నుంచి 9.4 శాతానికి, అంటే సగానికి తగ్గింది. అది చవక కూడా. ఎన్నో దేశాలు దాన్ని వాడుకోగలిగాయి.

ఇప్పుడు చెప్పండి, ఆ ట్రయల్స్ న్యాయమైనవా? క్లాసులో ఈ ప్రశ్న వేస్తే మొదటి రోజు అందరూ ఠక్కున "కాదు" అంటారు. నెల తర్వాత ఆ ధీమా ఉండదు. ఆ తల్లులందరి దగ్గరా సమ్మతి తీసుకున్నారనే అనుకుందాం, చర్చ అక్కడితో ఆగుతుందా? ఆగదు. ప్లాసిబో తీసుకున్న తల్లికి ఆ దేశంలో మామూలుగా దొరికేది ఏమీ లేదు, కాబట్టి ఆమె కొత్తగా ఏమీ కోల్పోలేదనేది ఒక వాదన. ఆ "ఏమీ లేకపోవడం" దైవనిర్ణయం కాదు, మందు ధర ఎవరో నిర్ణయించారు, దాన్నే కొలమానంగా పెట్టుకుంటే అన్యాయం మీద అన్యాయం కడుతున్నట్టే అనేది ఇంకొకటి. నేను రెండో వైపే మొగ్గుతాను. అయినా ఉగాండా నుంచి వచ్చిన ఆ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఈ గొడవ తర్వాతే మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలకు నైతిక సూత్రాలు చెప్పే హెల్సింకి ప్రకటనను 2000లో గట్టిగా సవరించారు. 2002లో దాని మీద మళ్లీ వివరణ ఇవ్వాల్సి వచ్చింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో విదేశీ ట్రయల్స్‌కు హెల్సింకిని ప్రమాణంగా తీసుకోవడమే మానేసి జీసీపీని (గుడ్ క్లినికల్ ప్రాక్టీస్, ట్రయల్స్ నడిపే తీరు మీద నియమావళి) పెట్టుకుంది. మీరు ఆఫీసులో రోజూ పలికే జీసీపీకి వెనుక ఇంత కథ ఉంది. 2024లో హెల్సింకిని మరోసారి సవరించారు. కొత్త పాఠాన్ని 2000 నాటి పాఠం పక్కన పెట్టుకుని చదవండి, ఎక్కడ ఏ మాట ఎందుకు మారిందో పట్టుకోవడమే మంచి అభ్యాసం.

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోకండి. ముంబై, ఉస్మానాబాద్, దిండిగల్‌లలో అమెరికా నిధులతో జరిగిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ (లక్షణాలు కనపడకముందే చేసే పరీక్ష) ట్రయల్స్‌లో దాదాపు లక్షా 38 వేల మంది మహిళలను ఏ స్క్రీనింగూ లేని గుంపులో పెట్టారు. ఆ గుంపులో 254 మంది ఆ క్యాన్సర్‌తో చనిపోయారు. దేశంలో ఎవరికీ స్క్రీనింగ్ లేదు కదా అన్నది అక్కడా సమర్థన. ఏజెడ్‌టీ వాదనే, ఊరు మారింది.

ఇక మన ఖమ్మం. తెలుగువాళ్లెవరైనా ఈ చదువుకు వెళ్తే ఈ కేసును అడుగడుగునా తెలుసుకుని వెళ్లాలి. 2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి ఆ క్యాన్సర్‌నే అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇదే జరిగింది. పాత్ అనే అమెరికన్ సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేశాయి. గేట్స్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది, టీకాలను తయారీ కంపెనీలే ఉచితంగా ఇచ్చాయి. బాలికల్లో చాలామంది గిరిజన కుటుంబాల పిల్లలు, ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. తర్వాత పరిశీలించిన 9,543 ఫారాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవి, 1,948 వేలిముద్రలు వేసినవి. ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో చాలా కఠినంగా మాట్లాడింది.

మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు బయటపడ్డాయి. హెచ్‌పీవీ టీకా మంచి టీకా, మా ఇంటి ఆడపిల్లలకు వేయించాను, మీరూ వేయించండి. అలాంటప్పుడు తప్పు ఎక్కడ జరిగింది? నిర్వాహకులు దీన్ని "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నారు. క్లినికల్ ట్రయల్ కాదన్నారు. ఆ ఒక్క పేరుతో ట్రయల్‌కు ఉండాల్సిన కట్టుదిట్టాలన్నీ జారిపోయాయి. టీకా తర్వాత ఏదైనా జరిగితే నమోదు చేసే ఏర్పాటు బలహీనంగా ఉంది. ఒక బాలిక చనిపోతే కారణాన్ని వెంటనే, నమ్మేలా చెప్పగల వ్యవస్థ లేనప్పుడు తల్లిదండ్రులు టీకానే అనుమానిస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. ఆ అపనమ్మకం వల్ల ఒక మంచి టీకా మన పిల్లలకు చేరడం ఏళ్లకు ఏళ్లు వెనక్కి పోయింది. "ఎథిక్స్ అంటే పరిశోధనకు అడ్డం" అనేవాళ్లకు నేను ఎప్పుడూ ఖమ్మమే చూపిస్తాను.

ఫిలాసఫీ భయం గురించి. వదిలేయండి. ఇలాంటి కోర్సుల్లో ఒక పేపరో రెండో నైతిక సిద్ధాంతాల మీద ఉంటాయి. మిగతాదంతా ట్రయల్ డిజైన్, చట్టాలు, సమాజశాస్త్ర పద్ధతులు, ఎథిక్స్ కమిటీల పనితీరు, చివర ఒక డిసర్టేషన్ (సొంత పరిశోధన వ్యాసం). ఎన్‌ఐహెచ్‌కు చెందిన ముగ్గురు 2000లో ఒక వ్యాసంలో ఏ పరిశోధన అయినా నైతికం కావాలంటే ఉండాల్సిన ఏడు షరతులు పెట్టారు. వాటిలో మొదటిది సామాజిక విలువ. సమ్మతి ఆరోది. పేద దేశాల పరిశోధనల కోసం 2004లో ఎనిమిదోది చేర్చారు: స్థానిక సమాజంతో భాగస్వామ్యం. మీరు చూసిన ఏ ప్రోటోకాల్‌నైనా (పరిశోధన ఎలా చేస్తారో రాసిన ప్రణాళిక) ఈ ఎనిమిదింటి పక్కన పెట్టి రెండు పేజీలు రాయగలిగితే సగం పీజీ అయినట్టే. రాయాల్సిన ఇంగ్లిష్ చాలా ఉంటుంది, అది మాత్రం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

ఎక్కడ చదవాలి? ముందు ఉచితంగా దొరికేవి పూర్తి చేయండి. చెన్నైలోని ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌ఐఈ (జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ), ఆరోగ్య పరిశోధనల ఎథిక్స్ సమీక్ష మీద ఎన్‌పీటెల్ (ఐఐటీల పాఠాల వేదిక) ద్వారా ఆన్‌లైన్ కోర్సు నడుపుతుంది. ఎన్‌ఐహెచ్ క్లినికల్ సెంటర్ కోర్సు వీడియోలు కూడా ఉచితమే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు, అంతర్జాతీయ సంస్థ సియామ్స్ 2016 మార్గదర్శకాలు, మన 2019 కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు మూడూ చదవండి. ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ పాత సంచికలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. మన దేశపు వాదోపవాదాలు అంత బాగా మరెక్కడా దొరకవు.

ఆ తర్వాత ఉద్యోగం మానకుండా ఒక పీజీ డిప్లొమా. మంగళూరులోని యెనెపోయ విశ్వవిద్యాలయంలో సెంటర్ ఫర్ ఎథిక్స్ ఉంది, బయోఎథిక్స్‌లో డిప్లొమా నడుపుతోంది. విదేశీ మాస్టర్స్ విషయానికొస్తే మోనాష్, లూవెన్, టొరంటో, జాన్స్ హాప్‌కిన్స్ పేర్లు మీకు ఈపాటికే తెలిసి ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్, స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయాలను మనవాళ్లు పట్టించుకోరు. కానీ పరిశోధన జరిగే నేల మీద నిలబడి ఎథిక్స్ చెప్పే టీచర్లు అక్కడున్నారు. ర్యాంకు చూసి కాలేజీ ఎంచుకోకండి. సిలబస్ తెప్పించుకుని మూడు విషయాలు చూడండి: విద్యార్థుల చేత నిజమైన ప్రోటోకాల్స్ సమీక్ష చేయిస్తున్నారా, ఎథిక్స్ కమిటీ మీటింగులో కూర్చోనిస్తారా, డిసర్టేషన్ కోసం సొంత దేశంలో ఫీల్డ్ వర్క్ చేయనిస్తారా. మూడింటికీ "లేదు" అని వస్తే అది ఆసుపత్రి బెడ్ పక్కన ఎథిక్స్ నేర్పే కోర్సు. మంచిదే, కానీ మీకు కావాల్సింది అది కాదు.

డబ్బు దగ్గర జాగ్రత్త. పేద, మధ్యాదాయ దేశాల వాళ్లకు ఈ రంగంలో శిక్షణ ఇప్పించడానికి ఎన్‌ఐహెచ్‌లోని ఫొగార్టీ సెంటర్ 2000 నుంచి నిధులు ఇస్తూ వచ్చింది. నా తరం వాళ్లు చాలామంది ఆ దారిలోనే చదివారు. 2025లో అమెరికా విదేశీ నిధుల మీద కత్తెర పెట్టాక పరిస్థితి మారింది. అందుకని అడ్మిషన్ వచ్చాక చూద్దాం అనుకోకుండా, ఈ ఏడాది ఫెలోషిప్ నడుస్తోందా అని కోర్సు డైరెక్టర్‌కు ముందే మెయిల్ రాసి అడగండి. లోన్ వద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ డిగ్రీతో మొదటి ఏడాదే వచ్చే జీతాలు విదేశీ ఫీజు వాయిదాలను మోయలేవు. ఆ టెన్షన్‌లో మీరు ఏ ఉద్యోగం దొరికితే అది పట్టుకుంటారు. ఎథిక్స్‌లో "నో" చెప్పగలిగే స్వేచ్ఛ లేని ఉద్యోగంతో ఈ చదువంతా వృథా అవుతుంది.

ఆ నిధుల కోత గురించి ఇంకొక్క మాట. 2025 జనవరి చివర్లో అమెరికా విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్ పనులు ఆపేయమని ఆదేశించినప్పుడు, దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీని నివారించే యోని రింగ్ ట్రయల్‌లో ఉన్న మహిళల శరీరంలో పరికరం ఉండగానే ట్రయల్ ఆగింది. నిధులు ఇచ్చేవాడు మధ్యలో వెళ్లిపోతే పాల్గొన్నవాళ్ల బాధ్యత ఎవరిది? ఇన్నేళ్లూ ఇది పరీక్షలో వచ్చే ఊహాత్మక ప్రశ్న. ఇప్పుడు ప్రోటోకాల్‌లోనే దీనికి సమాధానం రాయించాలి. రాయించగలిగే మనుషులు కావాలి.

ఉద్యోగాల సంగతి ఇంట్లో ఇలా చెప్పండి. "ఎథిసిస్ట్" అనే బోర్డుతో పోస్టులు మన దేశంలో చాలా తక్కువ. ఉన్నవి వేరే పేర్లతో ఉంటాయి: ఆసుపత్రుల ఎథిక్స్ కమిటీ ఆఫీసులు, పరిశోధన సంస్థల్లో రీసెర్చ్ గవర్నెన్స్ విభాగాలు, ఐసీఎంఆర్ సంస్థలు, బెంగళూరులోని ఐసీఎంఆర్ బయోఎథిక్స్ యూనిట్, విదేశీ భాగస్వామ్యంతో నడిచే ప్రాజెక్టులు, మెడికల్ కాలేజీల్లో బోధన. 2019 నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది బయటివాళ్లు కావాలి, సభ్యులకు శిక్షణ తప్పనిసరి. శిక్షణ ఇచ్చేవాళ్ల కొరత మాత్రం తీరలేదు. తెలుగులో చెప్పగలిగేవాళ్లయితే మరీ తక్కువ. ఫార్మ్‌డీ మీద ఈ పీజీ తోడైతే మీకు పని దొరుకుతుంది. కోటీశ్వరులు కారు, రోడ్డున పడరు.

ఇప్పుడు ఈ ఏడాది ఏం చేయాలి. మీరు పనిచేసే చోటే ప్రపంచస్థాయి డిసర్టేషన్ అంశం మీ కళ్లముందు ఉంది. హైదరాబాద్ సీఆర్ఓలలో జరిగే బీఏ/బీఈ (బయోఅవైలబిలిటీ, బయోఈక్వివలెన్స్) పరీక్షల్లో జనరిక్ మందు, అసలు మందుతో సమానంగా రక్తంలో చేరుతోందా అని ఆరోగ్యవంతుల మీద చూస్తారు. ఆ ఫలితాలతోనే మందులు అమెరికాకూ యూరప్‌కూ వెళ్తాయి. పాల్గొనేవాళ్లకు ఆరోగ్యపరంగా లాభం సున్నా, డబ్బు కోసమే వస్తారు. 2011లో పిడుగురాళ్ల ప్రాంతం నుంచి వచ్చి ఒక రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షల్లో పాల్గొన్న మహిళలు అనారోగ్యం పాలయ్యారని వార్తలు వచ్చినప్పుడు పెద్ద దుమారం రేగింది. అప్పటి చర్చంతా "డబ్బు ఆశ చూపారు" అనే చోటే ఆగిపోయింది. ఎక్కువ డబ్బు ఇస్తే ప్రలోభం అంటాం. మరి తక్కువ ఇస్తే? మందు ఎగుమతితో వచ్చే లాభంలో ఆ మనిషి వాటా కూలి డబ్బులేనా? పొలం పనులు లేని నెలల్లో వచ్చి, ఒకచోట మందు వేసుకుని, రెండు పరీక్షల మధ్య ఉండాల్సిన విరామం పూర్తికాకముందే ఇంకోచోట పేరు మార్చి చేరేవాళ్లు ఉంటే, దాన్ని వాళ్ల అబద్ధంగా చూడాలా, మన చెల్లింపుల పద్ధతి తెచ్చిపెట్టిన ప్రమాదంగా చూడాలా? వాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లో వినాలి. బయటి దేశపు పరిశోధకుడు అనువాదకుణ్ణి పెట్టుకుని చేసినా మీరు వినగలిగినంత వినలేడు.

అయితే మీరు పనిచేసే సంస్థ వాలంటీర్ల మీదే ఆ అధ్యయనం చేయకండి. మీ మీద ఆధారపడే మనిషి మీకు నిజం చెప్పలేడు, మీ యాజమాన్యమూ ఊరుకోదు. వేరే సంస్థలో, వేరే ఎథిక్స్ కమిటీ అనుమతితో చేయండి. మీకు దగ్గరలోని ఏదైనా మెడికల్ కాలేజీ కమిటీ కార్యదర్శిని కలిసి, గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టి పరిశీలకురాలిగా కూర్చోవచ్చా అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. అక్కడ నాలుగు మీటింగులు చూశాక కూడా ఆసక్తి అలాగే ఉంటే డిప్లొమాకు అప్లై చేయండి. విదేశీ మాస్టర్స్‌కు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాసేటప్పుడు "ఎథిక్స్ అంటే నాకు చిన్నప్పటి నుంచి ఆసక్తి" అని మొదలుపెట్టకండి. పైన చెప్పిన బీఈ వాలంటీర్ల ప్రశ్నను సూటిగా పెట్టండి. దాని మీద ఒక పేజీ రాసి ఇక్కడే పెడితే చదివి, ఎక్కడ బిగించాలో చెప్తాను.